కడగని కాళ్ళు

చోన్‌తోర్‌లో తెల్లవారిందంటే గుమ్మాల దగ్గర బూట్లు దులిపే చప్పుడు మొదలవుతుంది. ప్రతి గుమ్మం పక్కనా గుర్రపు వెంట్రుకల బ్రష్షు ఒకటి మేకుకు వేలాడుతూ ఉంటుంది. మగవాళ్ళు దాంతో బూట్ల అడుగులు గీకి, మడమలు రెండూ ఒకదానికొకటి కొట్టి, ఆ దుమ్ము తమ గడపలోనే రాలేలా చూసుకుని అప్పుడు దారి పడతారు. ఆడవాళ్ళు రబ్బరు గాలోషులు విప్పి గోడకేసి బాదుతారు. పొరుగూరికి చావు కబురు మోసుకెళ్ళేవాడైనా సరే, ముందు బూట్లు దులపాల్సిందే.

కోక్‌సూ లోయలో మొక్క మట్టి వెంట పోతుంది మరి. పైన మంచు కొండల కింద నల్లమట్టి. అక్కడ ఈకగడ్డి, మూడాకుగడ్డి, అడవి ఉల్లి, నీలిపూల మొక్కలు ఒక కుటుంబంగా కలిసి బతుకుతాయి. దాని కింద గోధుమరంగు మట్టి, అందులో సన్నగడ్డీ ముళ్ళగులాబీలూ. ఇంకా దిగితే బూడిదమట్టి, దాని నిండా చేదు మాచిపత్రి. ఏటి పక్క ఒండ్రులో అతిమధురం. అన్నిటికన్నా కింద, ఏరు అలిసిపోయి పడుకునే చోట శోర్‌బులాక్ చవిటి నేల. అక్కడ ఉప్పుకూరా ఒంటెముళ్ళూ తప్ప ఇంకేవీ నిలవవు. ఎవరి మట్టి వాళ్ళది, ఎవరి చుట్టాలు వాళ్ళవి. కానీ ఆ మట్టి నీ కాలికంటుకుని బయల్దేరిందా, దాని తాలూకు మొక్కలు కూడా వేళ్ళు పెరుక్కుని నీ వెనకాలే బయల్దేరతాయి. ఒక్కటిగా రావు. ఈకగడ్డి కదిలితే మూడాకు కదులుతుంది, అది కదిలితే ఉల్లి ఊరుకోదు. పెళ్ళివారిలా గుంపు మొత్తం వస్తుంది.

వచ్చినంత మాత్రాన ఉండిపోతాయని కాదు. తాగుబోతు ఎసేన్ ఒకసారి శోర్‌బులాక్‌లో బావమరిది ఇంట్లో రెండ్రోజులు పడి తాగి, బూట్లు దులపకుండా ఇంటికొచ్చాడు. మర్నాడు అతని పెరట్లో ఒంటెముళ్ళు బారులు తీరి నిలబడి ఉన్నాయి. నల్లమట్టిని కాసేపు తొక్కి చూశాయి, నచ్చలేదు, మధ్యాహ్నానికి వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాయి. మొక్కకి తన మట్టి దొరికితేనే నిలుస్తుంది. అందుకే మాకు దూరపు వాళ్ళతో భయం లేదు. మనలాంటి మట్టే ఉన్న పక్కింటివాడితోనే భయం.

ఆడది ఇల్లు విడిచి గడప దాటేటప్పుడైతే దులపడం చాలదు, కడగాలి. కూతురు అత్తారింటికి బయల్దేరితే తల్లి ఆమెను పొలిమేర రాయి మీద కూర్చోబెట్టి, కాళ్ళూ చెప్పులూ కడిగి, ఆ నీళ్ళు వెనక్కి తమ నేల మీదే పారబోస్తుంది. మొగుడు పెళ్ళాన్ని వదిలేసి పంపినా అంతే, ఆ కడగడం మొగుడి పని. పిల్లనిస్తాం, గడ్డిపరక ఇవ్వం. మా పిసినారితనం గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

కనిషాయ్ అలాగే వచ్చింది శోర్‌బులాక్ నుంచి, ఒరోజ్ ఇంటి కోడలిగా. తల్లి ఆమె కాళ్ళు ఎంత గట్టిగా తోమిందంటే ఆ పాదాలు ఒలిచిన గుడ్డులా ఉన్నాయని అత్త తుర్దుకాన్ ఇప్పటికీ చెబుతుంది. మెచ్చుకోలు అనుకునేరు. ఏమీ లేకుండా వచ్చిందని గుర్తుచెయ్యడానికి చెప్పేది.

ఊరి పైన, అర్చా చెట్ల అంచున, ఒరోజ్‌కి తండ్రి ఇచ్చిన పెద్ద పచ్చిక ఉంది. కనిషాయ్ వచ్చేనాటికి దాన్ని పచ్చిక అనడానికి నోరు రాదు. మంచు కరగ్గానే, నేల ఆరకముందే గొర్రెల్ని తోలేవాళ్ళు. తడినేల మీద డెక్క పడితే గడ్డి వేరుతో సహా చిరిగిపోతుంది. అలా చిరిగి చిరిగి నడుమ ఒక గండి పడింది. ప్రతి వానకీ అది ఇంకాస్త నోరు తెరిచేది. కనిషాయ్ రాళ్ళు మోసి, పచ్చికపెళ్ళలు మోసి ఆ గండి పూడ్చింది. ఏటేటా వసంతంలో పిడికెడు మట్టి తీసి నొక్కి చూసేది. ముద్ద నిలిస్తే గొర్రెలు దొడ్లోనే ఉండాలి. పొడిపొడిగా రాలితే తడిక తీసేది. ముద్ద నిలిచిన రోజుల్లో అత్త తిట్లూ మొగుడి తిట్లూ తింటూ, తను కోసి దాచిన ఎండుగడ్డి వేసి మందను ఆపేది. పద్ధెనిమిదేళ్ళు ఇదే పని. కూతురు పుట్టింది, పెరిగింది, పెళ్ళై కనుమ అవతలికి వెళ్ళిపోయింది. పచ్చిక గుర్రం మోకాళ్ళు దాటి పెరిగింది.

ఒరోజ్ మంద లోయలోకెల్లా బలిసిన మంద అయింది. ఊరి పెద్ద కల్‌ముర్జా, పంచాయితీ అంటే ఆయన గడ్డమే, ఏ పెళ్ళిలో కూర్చున్నా "ఒరోజ్ చెయ్యి మంచిది" అనేవాడు. ఒరోజ్ చెయ్యి! గండిలో ఒక్క రాయి వెయ్యని చెయ్యి. అందరూ తలలూపేవాళ్ళు. కనిషాయ్ వాళ్ళకే మాంసం వడ్డిస్తూ ఆ మాట వినేది.

ఆ వసంతం పట్నం నుంచి వ్యాపారి ఒకడు వచ్చి ఒరోజ్ ఇంట్లో చాయ్ తాగాడు. కొండ నల్లమట్టిలో బంగాళాదుంప పసివాడి తలకాయంత ఊరుతుందని చెప్పి, నాలుగు బూరెలు నమిలి పోయాడు. అప్పట్నుంచి ఒరోజ్ నోట బంగాళాదుంప తప్ప మరో మాట లేదు. పచ్చిక దున్నేస్తానన్నాడు. అంత వాలులో దున్నితే మొదటి పెద్ద వానకే మట్టి ఏట్లో పడుతుందని కనిషాయ్ చెప్పింది. మెల్లగా చెప్పింది, గట్టిగా చెప్పింది, అన్నం మానేసి చెప్పింది. నీకు నమ్మకం లేకపోతే బోడిమెట్ట చూసి రమ్మంది. ఒరోజ్ వినలేదు. తుర్దుకాన్ అయితే, చవిటి నేలలో పుట్టినదానికి నల్లమట్టి సంగతులు ఎందుకని ఎద్దేవా చేసింది.

బోడిమెట్ట లోయ మధ్యలో, బాట పక్కనే ఉంటుంది. ఎండ తగలని నీడవాలు కావడంతో అంత కిందన కూడా దానిది నల్లమట్టే. సమిష్టి పొలాల రోజుల్లో పైనుంచి హుకుం వచ్చిందని దాన్ని దున్నారు. నాగలి దిగిన రోజే అక్కడి పచ్చిక లేచి, ట్రాక్టరు చక్రాల వెంట ఎటో వెళ్ళిపోయింది. రెండేళ్ళు గోధుమ పండింది, మూడో ఏడు అదీ మొహం చాటేసింది. మట్టి మాత్రం అట్టకట్టి, నెర్రెలిచ్చి అక్కడే ఉండిపోయింది. గడ్డి తనంతట తను రాదు, ఎవరి కాళ్ళ వెంటో రావాలి. మేమో, ఆ బాటన నడిచిన ప్రతివాళ్ళమూ దులుపుకునే నడిచాం. యాభై ఏళ్ళపాటు ఒక్క పరక కూడా ఆ మట్టికి చేరకుండా కాపలా కాశాం. అంత జాగ్రత్తపరులం. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ట్రాక్టరు వచ్చిన రోజు ఊళ్ళో మగవాళ్ళంతా పచ్చిక అంచున చేరారు. చేతిలో పని వదిలేసి మరీ వచ్చారు. కల్‌ముర్జాకి ఉన్ని నమదా పరిచి, చాయ్ గిన్నె చేతికిచ్చారు. అందరూ కుదురుగా కూర్చున్నాక కనిషాయ్ వెళ్ళి ట్రాక్టరు ముందు, సరిగ్గా చక్రాలకు అడ్డంగా, గడ్డిలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. డ్రైవరు హారన్ మోగించాడు. ఆమె అటు చూడలేదు.

"లే," అన్నాడు ఒరోజ్. "నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. ఈ నలుగురిలో గండిలో రాయి వేసినవాడు ఒక్కడున్నాడేమో అడుగు."

"ఇది నా నేల."

"నేల నీదే. దీని మీద గడ్డి ఎవరిది? తడినేల మీద నువ్వు మందను తోలబోయినప్పుడల్లా అడ్డంపడింది ఎవరు? నాకు చెప్పొద్దు, అదుగో మీ అమ్మ, ఆవిడకి చెప్పు."

వెనక నుంచి ఎవడో, "ఒరోజ్, మీ ఇంట్లో కళ్ళెం ఎవరి చేతిలో ఉందిరా?" అన్నాడు. గుంపు గొల్లుమంది. ఆ నవ్వు లేకపోతే ఒరోజ్ ఆమెను రెక్క పట్టి పక్కకి లాగి ఊరుకునేవాడేమో. మావాళ్ళకి నవ్వడానికి సమయం సందర్భం ఉండదు. ఒరోజ్ మొహం కందగడ్డయింది. నోరు తెరిచి తలాక్ అన్నాడు. గుంపు నవ్వు ఆపింది. రెండోసారి అన్నాడు. ఎవరైనా వచ్చి నోరు మూస్తారేమోనన్నట్టు కాస్త ఆగాడు. ఎవరూ కదల్లేదు. మూడోసారీ అనేశాడు.

కనిషాయ్ లేచి కల్‌ముర్జా ఎదుట నిలబడింది. "అక్సకాల్, పెద్దలు మీరు విన్నారు. ఈ పచ్చికని ఎవరు నిలబెట్టారో మీకు తెలుసు. ఒక్క మాట చెప్పండి, ఇది న్యాయమేనా?"

కల్‌ముర్జా గడ్డం నిమురుకున్నాడు. మొగుడూ పెళ్ళాల మధ్య మూడోవాడికేం పని అన్నాడు. అని, ఖాళీ గిన్నె పక్కవాడి వైపు చాపాడు, ఇంకాస్త పొయ్యమని. ఇదీ మా పెద్దరికం.

ఇక పచ్చిక దిగువనే ఉన్న పొలిమేర రాయి దగ్గర కడగాలి. ఒరోజ్ కూజా తెచ్చాడు. కనిషాయ్ గాలోషులు విప్పి రాయి మీద కూర్చుంది. అతను వంగబోతున్నాడు, అప్పుడు తుర్దుకాన్ అడ్డం వచ్చింది. ఊరందరి ముందూ తన కొడుకు ఆడదాని కాళ్ళు పట్టుకోవాలా అని కేకలేసింది. "ఆ గాలోషులు కడిగి పారెయ్యి, చాలు."

ఒరోజ్‌కి ప్రాణం లేచొచ్చింది. గాలోషుల్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, నీళ్ళు పోసి, ఆమె ముందు పడేశాడు. కాళ్ళ వైపు చూడలేదు. చూసి ఉంటే కనపడేది. పద్ధెనిమిదేళ్ళు కాలవ నీళ్ళలో, మంచులో, కోసిన గడ్డి మోళ్ళలో తిరిగిన మడమలవి. పగుళ్ళలో గోధుమగింజ దాచొచ్చు. ఆ పగుళ్ళ నిండా నల్లమట్టి, ఏ సబ్బుకీ లొంగనిది, చర్మంలో కలిసిపోయినది. అంతమంది మగవాళ్ళున్నారు, ఒక్కడి కంటా పడలేదు. ఆడదాని మడమలు ఎవడు చూస్తాడు?

కనిషాయ్ తడి గాలోషులు తొడుక్కుంది. మా దగ్గర కోడలు అత్తని పేరు పెట్టి పిలవదు, ఆ పేరున్న వస్తువునైనా వేరే మాటతో చెప్పాలి. పెళ్ళైనప్పట్నుంచి కనిషాయ్ నోట ఆ పేరు రాలేదు.

"తుర్దుకాన్," అంది ఇప్పుడు. ఆ పేరు వినగానే ముసలావిడ చెంపదెబ్బ తిన్నట్టు వెనక్కి తగ్గింది. "నీ గాలోషులు నీకే వదిలేసి పోయేదాన్ని. దారంతా రాళ్ళని తొడుక్కుంటున్నాను."

వెనక్కి తిరిగి చూడకుండా బాట దిగింది.

ముందుగా చూసినవాడు ట్రాక్టరు డ్రైవరు. పరాయి ఊరివాడు కాబట్టి పచ్చికనే చూస్తూ ఉన్నాడు. "అన్నా, మీ గడ్డి లేచింది," అన్నాడు ఒరోజ్‌తో. ఈకగడ్డి దుబ్బులు కదిలాయి. బట్టలోంచి దారం లాగినట్టు వేళ్ళు ఒకటొకటే పైకి వచ్చాయి. మూడాకు పక్కకి ఒరిగి, సర్దుకుని, నడక మొదలెట్టింది. ఉల్లి కాడలు నిటారుగా, నీలిపూలు తలలు వంచుకుని, వాటి వెంట తేనెటీగలు, వాటి పైన భరతపక్షులు. గండి పూడ్చిన చోట వేసిన పెళ్ళలు అన్నిటికన్నా ముందు పొలిమేర రాయి దాటాయి.

గడ్డి నడవడం ఎవరికీ వింత కాదు. ఎవరి గడ్డి నడుస్తోందన్నదే గుండెల్లో రాయి పడేసింది. మగవాళ్ళంతా ఒక్కసారి లేచి నిలబడ్డారు. ఒరోజ్ రెండు చేతులూ చాపి, మందకి అడ్డం నిలబడ్డట్టు నిలబడ్డాడు. గడ్డి అతని కాళ్ళ మధ్యనుంచే వెళ్ళింది. తుర్దుకాన్‌కి అప్పుడర్థమైంది. "పరిగెత్తరా, దాని కాళ్ళు పట్టుకో, కాళ్ళు కడుగు," అని అరిచింది. కూజా తీసుకుని నాలుగంగల్లో చేరేంత దూరంలోనే ఉంది కనిషాయ్. ఒరోజ్ గుంపు వైపు చూశాడు. గుంపు ఒరోజ్ వైపు చూసింది. ఇందాక నవ్వినవాడు మళ్ళీ నవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు.

"పోతే పోనీ," అన్నాడు ఒరోజ్. "దున్నే బాధ సగం తప్పింది."

కనిషాయ్ ఏడుస్తూ నడుస్తోంది. దుఃఖంతో వచ్చిన ఏడుపు కాదది. ఒక్కొక్కరి పేరూ పలుకుతూ, వాళ్ళ తాతల దాకా తిడుతూ నడుస్తోంది. వెనక గలగల వినిపిస్తే ఏరనుకుంది. గోధుమరంగు మట్టి దాటింది. ముళ్ళగులాబీలు తలతిప్పి ఆమె వెనకాల వస్తున్నవాళ్ళని చూశాయి, తమ చుట్టాలు కారని తెలిసి ఊరుకున్నాయి. ఇంకో మలుపు తిరిగితే బూడిదమట్టి. అక్కడి మాచిపత్రి వాసన అప్పటికే ముక్కుకి తగులుతోంది. దాని కింద శోర్‌బులాక్, తమ్ముడి ఇల్లు, మరదలు పోసే చాయ్, ఆ చాయ్‌తో పాటు మరదలి చూపు.

వెనక చప్పుడు ఆగిపోయింది. కనిషాయ్ అప్పుడు తిరిగి చూసింది.

పచ్చిక మొత్తం బోడిమెట్ట దగ్గర ఆగి ఉంది. ఉల్లి కాడలు అట్టకట్టిన మట్టిని వేళ్ళతో తట్టి చూస్తున్నాయి. మూడాకు ఒక నెర్రెలోకి దిగి, ఇంకాస్త దిగి, కూలబడింది. ఆ తర్వాత ఇక మిగతావి ఆగలేదు. నెర్రె నెర్రెలోకీ వేళ్ళు జారాయి. బాట పక్కన యాభై ఏళ్ళు బోడిగా పడున్న వాలు కళ్ళముందే పచ్చబడింది. తేనెటీగలు ఏమీ జరగనట్టు పని మొదలెట్టాయి.

కనిషాయ్‌కి గడ్డి మీద కూడా కోపం వచ్చింది. "మీకు దొరికింది," అంది. "నేనొక్కదాన్నే ఇంకా నడవాలన్నమాట."

కిందికి చూసింది. బూడిదమట్టి, చవిటి నేల. అటు అడుగేస్తే ఇవి రావు, వచ్చినా బతకవు. పైకి చూసింది. పైన పిలిచేవాళ్ళు లేరు. బాట మధ్యలో అలా నిలబడి, మిగిలిన తిట్లన్నీ పూర్తిచేసింది. ఆ తర్వాత గాలోషులు విప్పి, వాలెక్కి, తన గడ్డిలో కూర్చుంది.

కబురు తెలిసి మర్నాడు తమ్ముడు శమ్షీ గాడిద మీద వచ్చాడు. ఆడది ఒంటరిగా కొండవాలులో ఉండటమేమిటి, నలుగురూ ఏమంటారు, ఇంటికి రమ్మని గంటసేపు సణిగాడు. వీళ్ళు ఇక్కడ ఆగారు కాబట్టి తనూ ఇక్కడే ఆగిందని చెప్పింది కనిషాయ్. శమ్షీ సణుగుతూనే వెళ్ళి పాత నమదా గుడారం తెచ్చి వేశాడు, ఒక ఆవుని కట్టేసి పోయాడు. పోయేముందు బూట్లు దులపసాగాడు. నీ చవుట్లో ఇది ఎలాగూ బతకదు కదా, ఎందుకురా దులపడం అంటే, "అలవాటు, అక్కా," అన్నాడు సిగ్గుపడి.

పైన ఒరోజ్ బోసిపోయిన నేలని దున్ని బంగాళాదుంప వేశాడు. మొలకలు వచ్చాయి కూడా. పసివాడి తలకాయలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడు. ఎండాకాలం నడిమిలో ఒక మధ్యాహ్నం కొండ మీద ఆకాశానికి చిల్లుపడింది. పట్టి ఉంచే వేరు ఒక్కటి లేదు ఆ వాలులో. పాత గండి నోరు తెరిచింది, పక్కన ఇంకో రెండు తెరుచుకున్నాయి. దుంపలూ మట్టీ కలిసి ఏట్లో పడ్డాయి. బోడిమెట్ట కింద కోక్‌సూ నల్లగా పారింది. అది ఎవరి మట్టో కనిషాయ్‌కి చూడగానే తెలిసింది. శత్రువుకి నష్టం వస్తే సంతోషించాలంటారు. ఆమెకి సంతోషం రాలేదు. ఏటేటా పిడికిట్లో పట్టి చూసిన మట్టి అది. ఒడ్డున నిలబడి ఆ నల్లనీళ్ళని చూస్తూ, "చెప్పాను కదరా, చెప్పాను కదరా," అంటూ గొంతు పోయేదాకా అరిచింది.

కల్‌ముర్జా గుర్రం తప్పించుకుని బోడిమెట్టలో దూరింది. దాన్ని పట్టుకుపోవడానికి వచ్చిన కల్‌ముర్జా, గుర్రం పొట్ట చూసి, గడ్డి చూసి, చాలాసేపు ఆలోచించాడు. ఆఫీసు కాగితాల్లో ఈ వాలు ఎవరి పేరునా లేదన్నాడు. ఎవరి కాళ్ళ వెంట గడ్డి వస్తే నేల వాళ్ళదేనని తాతల నాటి కట్టుబాటు ఒకటుందన్నాడు. తన గుర్రానికి ఆకలేస్తే ఆయనకి కట్టుబాట్లు గుర్తొస్తాయి.

"ఆ మాట నాతో చెప్పి ఏం లాభం, అక్సకాల్?" అంది కనిషాయ్. "శుక్రవారం నమాజయ్యాక, అందరూ ఉండగా చెప్పండి. కూర్చుని చాయ్ తాగుతూ కాదు. నిలబడి చెప్పండి."

ఆయన చెప్పాడు. నిలబడే చెప్పాడు. గుర్రానికి ఒక మూల మేత దొరికింది. బోడిమెట్ట కనిషాయ్‌ది అయింది.

ఆకులు పండబారే వేళకి ఒరోజ్ మందతో సహా బాట దిగి వచ్చాడు. ఇరుగుపొరుగు పచ్చికల్లో బతిమాలి మేపుకున్నన్నాళ్ళు మేపుకున్నాడు, ఇక ఎవరూ రానివ్వడం లేదు. గొర్రెల డొక్కలు ఎండి, ఎముకలు బయటికొచ్చాయి. పొలిమేరగా కనిషాయ్ పేర్చుకున్న రాళ్ళ దగ్గర ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కనిషాయ్, ఇంటికి రా. ఆ మాట కోపంలో వచ్చింది. ముల్లాతో మాట్లాడాను, సర్దొచ్చు అన్నాడు."

"నువ్వు కోపంలో అన్నావు, నేను కోపంలో నడిచాను. నీ మాట వెంట ఏమొచ్చిందో నాకు తెలీదు. నా నడక వెంట వచ్చినవాళ్ళు ఇదుగో, ఇక్కడున్నారు."

"అమ్మ కూడా రమ్మంటోంది."

"తుర్దుకాన్ రమ్మంటే రావడానికి నేను ఆవిడ కోడల్నా?"

ఒరోజ్ టోపీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. గొర్రెలైనా మేయనిమ్మన్నాడు. నువ్వు పెంచినవే కదా అన్నాడు. అది నిజం. వాటిలో సగం ఆమె చేతుల్లో పుట్టినవే. తల్లి పాలివ్వని వాటికి సీసాతో పాలు పట్టింది. ఇప్పుడవి రాళ్ళ మీదుగా మెడలు చాపి, పచ్చిక వాసన చూస్తూ వణుకుతున్నాయి. కనిషాయ్ వాటి వైపు చూసింది, కోపం తగ్గలేదు, కానీ ఆ కోపంలో గొర్రెలకి వాటా లేదు.

"అవేం చేశాయి పాపం. రానీ," అంది. "నువ్వు అక్కడే ఉండు."

మంద వాలు మీద పడింది. ఒరోజ్ ఆమెను దీవించాడు, ఆమె చనిపోయిన తండ్రిని దీవించాడు, ఆవుని కూడా దీవించాడు. అతను నోటితో దీవిస్తున్నాడు గానీ కళ్ళు మాత్రం గొర్రెల డెక్కల మీదే ఉన్నాయి. కనిషాయ్ అతనితో పద్ధెనిమిదేళ్ళు కాపురం చేసింది. ఆ చూపు ఎటు పోతోందో తెలియదా? పైన అతని నేలలో ఇంకా అరచేతి మందం నల్లమట్టి మిగిలుంది. ఇంత మంద ఇక్కడి మట్టి డెక్కల్లో పెట్టుకుని సాయంత్రానికి ఇంటికి పోతే, పచ్చిక మొత్తం లేచి మంద వెంట కొండెక్కుతుంది. వచ్చే వసంతానికి ఇంకో వ్యాపారి, ఇంకో ట్రాక్టరు.

అయినా ఆమె గొర్రెల్ని కడుపునిండా మేయనిచ్చింది. పొద్దు వాలుతుండగా ఒరోజ్ ఈల వేసి మందను పిలిచాడు, ఎక్కడలేని తొందరతో. మొదటి గొర్రె రాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కనిషాయ్ దారికి అడ్డంగా తడిక పెట్టింది. తడిక పక్కన బేసిన్ పెట్టింది, కూజా పెట్టింది.

"ఈ నేల దాటే ముందు కడగాలి," అంది. "మన కట్టుబాటే."

ఒరోజ్ బేసిన్ వైపు చూశాడు, మంద వైపు చూశాడు. "అన్నిటికీనా?"

"ప్రతిదానికీ. నాలుగు కాళ్ళూ."

"రేపు మళ్ళీ మేతకొస్తే?"

"రేపు మళ్ళీ."

బాట మీద అప్పటికే ఇద్దరు గుర్రాలు ఆపారు. చోన్‌తోర్ నుంచి సంతకి పోయిన లారీ తిరిగొస్తూ నెమ్మదించింది. వెనక నిలబడ్డవాళ్ళు చూడటానికి మెడలు సాచారు. ఇలా బాట పక్కన కూర్చుని గొర్రెల కాళ్ళు కడిగితే నలుగురూ ఏమనుకుంటారని గొంతు తగ్గించి అడిగాడు ఒరోజ్. ఆ నలుగురి కోసమే నా రెండు కాళ్ళు వదిలేశావు కదా అంది కనిషాయ్, గొంతు తగ్గించకుండా. ఇష్టం లేకపోతే రేపట్నుంచి తీసుకురావద్దంది. వెనక ఆకలి తీరిన మంద ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడి ఉంది. పైన కొండ మీద మేత లేదు, లోయలో ఇంకెక్కడా లేదు. చలికాలం ముందుంది.

ఒరోజ్ టోపీ పెట్టుకున్నాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మొదటి గొర్రె కాలు పట్టుకోబోతే అది బేసిన్ తన్నేసింది. లారీలో నవ్వులు వినిపించాయి. అతను మళ్ళీ నీళ్ళు తెచ్చుకుని మళ్ళీ కూర్చున్నాడు.

కనిషాయ్ గిన్నెలో చాయ్ పోసుకుని గుడారం ముందు కూర్చుంది. అతను ఒక్కొక్క కాలే ఎత్తి, కడిగి, తుడిచి, తడిక అవతలికి పంపుతుంటే చూస్తూ ఉంది. కాసేపయ్యాక గిన్నె కింద పెట్టింది.

"ఆ నల్లదాని వెనక కాలు మళ్ళీ కడుగు," అంది. "పగులులో మట్టి ఉండిపోయింది."